పొగపెట్టె రెండో తాళంచెవి

ముందుగా జరిగిన అన్యాయాలను తేదీల వారీగా రాస్తున్నాను. ఇవన్నీ నా రిజిస్టర్లలో ఉన్నవే.

12 అక్టోబరు 2012. మిర్యాలగూడ శివారులోని ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో జనరేటర్ ఆపరేటర్ సైదులు, పొగ వడపోత పెట్టెను శుభ్రం చేస్తుండగా విద్యుదాఘాతానికి గురై మంచె మీదినుంచి పడి మరణించాడు. త్రిపురారంలోని అతని ఇంటికి వార్త మోసుకుపోయినవాడు ఒక లారీ డ్రైవరు. మిల్లు తరఫున మరెవరూ పోలేదు.

2 నవంబరు 2012. విచారణకు వచ్చిన అధికారి కింద ప్యానెల్ గదిని ఫోటో తీసుకున్నారు. మంచె ఎక్కలేదు. ప్రమాదం జరిగిన సమయంలో పెరట్లో వడ్లు ఎత్తుతున్న హమాలీ మనిషిని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. యంత్రం బాధ్యత చూసే నన్ను పిలవలేదు.

21 జనవరి 2013. నివేదిక వచ్చింది. మరణానికి కారణం "కార్మికుని స్వీయ నిర్లక్ష్యం" అన్నారు.

11 మార్చి 2013. మిల్లుకు, పెట్టె కంపెనీకి, విచారణ అధికారికి నా మొదటి ఉత్తరం. రిజిస్టర్డ్ పోస్టు రసీదు మాత్రమే తిరిగి వచ్చింది.

19 ఆగస్టు 2013. రెండో ఉత్తరం. పెట్టె తయారుచేసిన కంపెనీవారు ఫోను చేసి, "మా పరికరంలో లోపం లేదు" అన్నారు. అదే మాట కాగితం మీద రాసివ్వమంటే ఫోను పెట్టేశారు.

6 జనవరి 2014. మూడో ఉత్తరం. జవాబు లేదు. అధికారి కార్యాలయానికి స్వయంగా వెళ్తే, రాష్ట్రం విడిపోతున్నది, ఫైళ్ళు సర్దుతున్నాము, తరువాత రమ్మన్నారు.

ఏడో అన్యాయం ఒకటి ఉంది. దాని తేదీని దాని చోట రాస్తాను.

నేను సూర్యాపేటలో ఉంటాను. డీజిల్ ఇంజన్లు, జనరేటర్ల నిర్వహణలో నా జీవితం గడిచింది. 2001లో సొంతంగా కాంట్రాక్టు తీసుకోవడం మొదలుపెట్టాను. సోమవారం కోదాడ, గురువారం మిర్యాలగూడ, మిగిలిన రోజులు సూర్యాపేట. నర్సింగ్ హోములు, సినిమాహాళ్ళు, రైస్ మిల్లులు, ఎక్కడ జనరేటర్ ఉంటే అక్కడికి నెలకొకసారి వెళ్ళి తనిఖీ చేయడం నా పని. అందుకోసం ముప్పై నాలుగు అంశాల చెక్‌లిస్ట్ ఒకటి తయారు చేసుకున్నాను. నూనె మట్టం, బ్యాటరీ నీళ్ళు, బెల్టు బిగువు, ఎర్తింగ్, ఇలా ఒక్కొక్కదానికి ఎదురుగా ఒక గడి. ఏ అంశాన్నీ కుర్చీలో కూర్చుని ఊహించి చేర్చలేదు. ప్రతిదీ ఎక్కడో ఒక యంత్రం మొరాయించినప్పుడో, ఒక మనిషి దెబ్బతిన్నప్పుడో పుట్టింది. కార్బన్ పెట్టి రెండు ప్రతులు రాసి, ఒకటి యజమానికి ఇచ్చి, ఒకటి నా దగ్గర దాచేవాణ్ణి.

2011లో కరెంటు కోతలు తీవ్రంగా ఉండేవి. బాయిల్డ్ మిల్లులో వడ్లు నానబెట్టి, ఉడికించి, ఆరబెడతారు. మధ్యలో కరెంటు పోయి డ్రయ్యర్ ఆగితే వడ్లు పులిసి వాసన కొడతాయి. అందుచేత నేను చెప్పే మిల్లులో పెద్ద డీజిల్ జనరేటర్ రోజులో ఎక్కువ భాగం నడిచేది. గోడ అవతలే ఒక కాలనీ. ఆ కాలనీలో అనసూయమ్మ అనే రిటైరైన టీచరు, ఆయాసం జబ్బున్న తల్లితో ఉండేది. ఒక గురువారం ఆమె నేరుగా జనరేటర్ గది దగ్గరికి వచ్చింది. చేతిలో ఉతికి ఆరేసిన తెల్ల చీర. దాని మీద ఆవాలు చల్లినట్టు మసి.

"మీ బియ్యం ఎవరు తింటున్నరో నాకు తెల్వదు. మీ మసి మాత్రం మేము తింటున్నం" అన్నది.

సైదులు సిగ్గుపడి తల గోక్కున్నాడు. "టీచరమ్మా, నేనేం జేయాలె? ఇంజన్‌కు ముక్కు మూస్తే సస్తది."

"అది సావకుండ మా అమ్మను సంపుతవా?"

 ఆమె వెళ్ళిన తరువాత అతను నా వైపు తిరిగి, "సార్, గామె అన్నదాంట్ల తప్పేం లేదు. జర ఏదన్న ఉపాయం జూడుండ్రి" అన్నాడు.

సైదులు గురించి చెప్పాలి. ఊరు త్రిపురారం. తల్లిదండ్రులు గొర్రెలు కాసేవారు. దర్గాకు మొక్కుకుంటే పుట్టాడని ఆ పేరు పెట్టారు. ఇలాంటి పేర్లు మా ప్రాంతంలో ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. ఏడో తరగతితో చదువు ఆగినా ఇంజన్ శబ్దం విని ఏ సిలిండర్‌లో తేడా ఉందో చెప్పేవాడు. నేను చూసిన ఆపరేటర్లలో చెప్పిన పనిని చెప్పిన క్రమంలో చేసేవాడు అతనొక్కడే. దీన్ని పొగడ్తగా రాయడం లేదు. ఇది నా రికార్డులో ఉన్న విషయం.

నేను యజమానితో మాట్లాడాను. కాలనీవాళ్ళు పెట్టిన అర్జీ కూడా ఆయన మీద పనిచేసింది. అదే సంవత్సరం ఆగస్టులో ఒక చిన్న కంపెనీ నుంచి ఎలక్ట్రోస్టాటిక్ ఫిల్టర్ తెప్పించి పైన పొగగొట్టానికి అమర్చి, దాన్ని చేరుకోవడానికి ఒక మంచె కట్టారు. ఈ పరికరం గురించి తెలియనివారికి క్లుప్తంగా చెబుతాను. తల దువ్వుకున్న దువ్వెన కాగితపు ముక్కలను లాక్కోవడం అందరూ చూసినదే. ఇదీ అదే సూత్రం. ఇనుప పెట్టెలో వరుసగా రేకు పలకలు ఉంటాయి. వాటి మధ్య సన్నని తీగలు వేలాడుతుంటాయి. తీగలకు హై టెన్షన్, అంటే వేల వోల్టుల విద్యుత్తు ఇస్తారు. పొగ వాటి మధ్యగా పోయేటప్పుడు మసి రేణువులు విద్యుదావేశం పొంది పలకలకు అంటుకుపోతాయి. గొట్టం కొసన కంటికి కనిపించే పొగ దాదాపు ఉండదు.

పలకలకు పట్టిన మసిని వారానికొకసారి గీకి తీయాలి. తీయకపోతే తీగకూ పలకకూ మధ్య నిప్పురవ్వలు లేస్తాయి. పేరుకున్న మసి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. శుభ్రం చేసే సమయంలో ఇంజన్ ఆపలేరు కనుక, పొగను బైపాస్ గొట్టంలోకి, అంటే పెట్టెలోకి పోకుండా పక్కదారిలోకి మళ్ళిస్తారు. ఆ కాసేపూ పొగ మునుపటిలాగే నల్లగా పోతుంది.

వేల వోల్టులున్న పెట్టెలో మనిషి చేతులు పెట్టాలంటే రక్షణ ఏమిటి? దానికి ఇంటర్‌లాక్ అనే ఏర్పాటు ఉంది. తాళంచెవి ఒకటే. కింద ప్యానెల్‌లో ఆ చెవి ఉండి తిరిగితేనే పెట్టెకు విద్యుత్తు వెళ్తుంది. ఆఫ్ చేస్తేనే చెవి బయటికి వస్తుంది. అదే చెవితో పైన పెట్టె తలుపు తెరవాలి. అంటే తలుపు తెరిచే మనిషి చేతిలో చెవి ఉన్నంతసేపు ప్యానెల్ ఎవరూ వేయలేరు. అమర్చిన రోజు కంపెనీ ఇంజనీరు ఈ విషయం చెబుతుంటే సైదులు, నేను, మిల్లు గుమస్తా సుబ్బారావు ముగ్గురమూ విన్నాము.

"ఈ చెవి పోతే ఎట్ల సార్?" అని సైదులు అడిగాడు.

"పోకూడదు."

"పోతేనో?"

"మాకు రాయండి. మేము వచ్చి తాళం మొత్తం మారుస్తాం. ఇంకో చెవి మాత్రం చేయం, మీరూ చేయించకండి."

సైదులు నవ్వాడు. "నాకు పెండ్లాం గూడ ఒక్కతే సార్. దాన్ని పోగొట్టుకోలె, దీన్నీ పోగొట్టుకోను."

తన మొలతాడుకు దర్గాలో కట్టించుకున్న ఆకుపచ్చ దారం ఒక ముక్క తెంపి ఆ చెవికి ముడివేశాడు. ప్యానెల్‌లో లేనప్పుడు ఆ చెవి అతని నడుముకే వేలాడేది. మంచె ఎక్కే ముందు దాన్ని చేత్తో తడిమి, కింద ఉన్నవాళ్ళకు వినబడేలా "చెవి నా తాన!" అని అరిచేవాడు. హమాలీలు ఆ అరుపును అనుకరించి నవ్వుకునేవారు. అన్నం గిన్నె తెరిచేటప్పుడు కూడా ఎవడో ఒకడు "చెవి నా తాన!" అనేవాడు. సైదులు తానూ నవ్వేవాడు గానీ అరవడం మానలేదు.

నెల తిరగకుండా అనసూయమ్మ టీచరు మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో స్టీలు డబ్బా నిండా సకినాలు.

"సైదులూ, మా అమ్మ ఇప్పుడు కూసోకుండ పడుకుంటున్నది. ఎన్ని ఏండ్లాయెనో" అని డబ్బా అతని చేతిలో పెట్టింది. ఆ రోజు ఫిల్టర్ రిజిస్టర్‌లో నేను "పనితీరు సంతృప్తికరం" అని మాత్రమే రాసుకున్నాను. ఆ డబ్బా సంగతి కూడా రాసి ఉండవలసింది.

ఇక 12 అక్టోబరు 2012. ఆ రోజు నేను సూర్యాపేటలో ఉన్నాను. పగలు పన్నెండు దాటాక ఫోను వచ్చింది. నేను చేరేసరికి సైదులును దవాఖానకు తీసుకుపోయారు. ప్రాణం దారిలోనే పోయింది. అలవాటు ప్రకారం నోటుబుక్కు తీసి చూసినది చూసినట్టు రాశాను. ఇంజన్ ఆపబడి ఉన్నది. ప్యానెల్‌లో తాళంచెవి ఉన్నది, ఆన్ స్థానంలో ఉన్నది. చెవికి దారం లేదు, ఊడి పడిపోయిందనుకున్నాను. పైన పెట్టె తలుపు తెరిచి ఉన్నది. తలుపు తాళం పగలలేదు, చెడలేదు. తలుపు తాళంలో చెవి లేదు.

ఈ చివరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. చెవి ప్యానెల్‌లో ఉంటే తలుపు దేనితో తెరిచారు?

నివేదిక రాసినవారికి ఈ ప్రశ్న అడ్డురాలేదు. అంతకుముందు వారం శుభ్రం చేసినప్పుడు తలుపుకు తాళం వేయకుండా వదిలేసి ఉంటాడు, ఈసారి ప్యానెల్ ఆపకుండానే ఎక్కి తలుపు లాగి ఉంటాడు అని తేల్చారు. "ఉంటాడు" అనే మాట మీద ఒక మనిషి పేరు చెడగొట్టారు. వడ్లు ఎత్తుతున్న హమాలీ యాదమ్మ నాతో చెప్పిన మాట వేరు. "పదకొండు కొట్టంగనే పెట్టెకు కరెంటు ఆపిండు సారు. ఎంబడే ఎక్కలె. పెట్టె సల్లారాలె అని గంటసేపు గీడ్నే కూసున్నడు. తర్వాత లేసి చెవి నా తాన అని ఒర్లుకుంట ఎక్కిండు. నేను నవ్విన గూడ." ఆమె నవ్విన గూడ అన్నప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పదకొండో రోజు దాటాక త్రిపురారం వెళ్ళాను. సైదులు భార్య నాగమణి గొర్రెల దొడ్డి ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది, మళ్ళీ కూర్చుంది.

"మొలతాడు మీద చెవి లేదు సారు. దారం తెంపిన జాడ గూడ లేదు. ఆయన చెవి ఏది?" అని అడిగింది.

ఆ ప్రశ్నను నోటుబుక్కులో రాసుకున్నాను. జనవరిలో నివేదిక వచ్చాక మళ్ళీ వెళ్ళాను. అప్పటికే ఎవరో ఆమె బిడ్డకు బడిలో ఆ మాట చదివి చెప్పారు.

"నిర్లక్ష్యం అని రాసిండ్రట" అన్నది నాగమణి. "ఇంట్ల దీపం ఆర్పి, ఆరిందా లేదా అని మల్ల లేసి సూసేటోడు సారు. గా మనిషికి గా మాటా? నాకేం ఇయ్యకున్నా మంచిదే. గా ఒక్క మాట తీసేపియ్యిరి. నా బిడ్డ గా మాట మోసుకుంట బతుకొద్దు."

ఆ పని నేను ఒప్పుకున్నాను. పైన రాసిన మూడు ఉత్తరాలూ అందుకోసమే. ప్రతి ఉత్తరంలోనూ అదే ప్రశ్న: తలుపు దేనితో తెరిచారు? ఫిల్టర్ రిజిస్టర్‌ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు నాలుగుసార్లు చదివాను. జవాబు దొరకలేదు. ఈలోగా మిల్లువారు ఆ పెట్టెను ఊడదీసి షెడ్డులో పడేశారు. పొగ మళ్ళీ కాలనీ మీదికి తిరిగింది. అనసూయమ్మ టీచరు తల్లి మళ్ళీ కూర్చుని నిద్రపోవడం మొదలుపెట్టింది. ఈసారి టీచరు మిల్లుకు వచ్చి ఎవరినీ తిట్టలేదు.

2014 మార్చిలో ఒక సోమవారం, కోదాడ పని ముగించుకుని బస్టాండుకు నడుస్తుంటే ఫోను మోగింది. సుబ్బారావు. మిల్లు ఉద్యోగం మానేసి కోదాడలో సొంతింట్లో ఉంటున్నాడు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయిందని విన్నాను. "ఒకసారి వచ్చిపోండి నర్సయ్యగారూ, ఫోనులో చెప్పేది కాదు" అన్నాడు.

మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుశలప్రశ్నలు లేవు. దిండు కిందినుంచి చిన్న కాగితపు పొట్లం తీసి నా చేతిలో పెట్టాడు. విప్పితే తాళంచెవి. దానికి ఆకుపచ్చ దారం.

నేను నిలబడే ఉన్నాను. అతనే మాట్లాడాడు.

"ఆ రోజు టీచరుగారు ఫోను చేశారండీ. గంట నుంచి పొగ, మా అమ్మకు ఊపిరాడట్లేదు అని ఏడుస్తున్నారు. నేను ప్యానెల్ గదికి పరిగెత్తాను. లైటు ఆరిపోయి ఉంది, చెవి లేదు. ఈ సైదులు ఆపేసి అన్నానికి పోయాడు, వెయ్యడం మరిచాడు అనుకున్నానండీ. నా దగ్గర రెండో చెవి ఉంది కదా. పెట్టి తిప్పేశాను."

"రెండో చెవా?"

"పైన ఉన్నాడని నాకేం తెలుసండీ? ప్యానెల్ గదికీ మంచెకూ మధ్య గోడ. చప్పుడు విని బయటికొస్తే కింద పడున్నాడు. ఇంజన్ హోరులో ఆయన అరిచింది నాకు వినపడలేదు." కుడిచేత్తో ఎడమ చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు. "అందరూ ఆయన్ని ఎత్తుతుంటే నేను పైకెక్కానండీ. తలుపుకి ఈ చెవి వేలాడుతోంది. తీసి జేబులో వేసుకున్నాను. భయమేసింది. ఆడపిల్ల పెళ్ళి కుదిరి ఉంది అప్పుడు. ఏ రోజుకారోజు చెబుదాం అనుకున్నాను."

"ఇంకో చెవి చేయవద్దని ఆ ఇంజనీరు మన ముగ్గురి ముందే చెప్పాడు గదయ్యా! ఎవరు చేయించమన్నారు నిన్ను?" నా గొంతు వీధిలోకి వినబడి ఉంటుంది. అతని భార్య వంటింట్లోంచి తొంగిచూసింది.

సుబ్బారావు నా ముఖంలోకి చూడలేదు. "మీరే రాశారు కదండీ" అన్నాడు.

మంచం కింది రేకుపెట్టె లాగమన్నాడు. మిల్లు నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న కాగితాలు అందులో ఉన్నాయి. పైనే ఉంది ఆ ఫారం. తేదీ 16 ఫిబ్రవరి 2012. ముప్పై ఒకటో అంశం: అన్ని తాళాలకు స్పేర్ చెవులు ఉన్నవా? ఎదురుగా నా అక్షరాలు. "ఫిల్టర్ ప్యానెల్‌కు లేదు. వెంటనే ఏర్పాటు చేసుకోవాలి." కింద నా సంతకం.

"మిర్యాలగూడలో ఆ రకం చెవి ఎవరూ చెయ్యలేదండీ. ఇక్కడ కోదాడలో చేయించాను. మీరు రాస్తే చెయ్యకుండా ఎట్లా ఉంటాను? వచ్చే నెల వస్తే మళ్ళీ అడుగుతారు కదా."

సూర్యాపేట చేరి నా ట్రంకు పెట్టె తెరిచాను. ఫిల్టర్ రిజిస్టర్ కాదు, జనరేటర్ చెక్‌లిస్టుల కట్ట తీశాను. ఏడాదిన్నరగా నేను వెతకవలసిన చోట వెతకలేదు. ఫిబ్రవరి ప్రతి ఉంది. మార్చి ప్రతి కూడా ఉంది. అదే అంశం ఎదురుగా, "ఏర్పాటు చేశారు. తృప్తికరం."

ఆ ముప్పై ఒకటో అంశం ఎలా పుట్టిందో కూడా రాయాలి. 2001లో కోదాడలోని ఒక నర్సింగ్ హోములో కాన్పు ఆపరేషన్ మధ్యలో కరెంటు పోయింది. జనరేటర్ గది తాళంచెవి వాచ్‌మన్ జేబులో ఊరికి వెళ్ళిపోయింది. గడ్డపారతో తలుపు పగలగొట్టేలోగా డాక్టరు టార్చిలైటు వెలుతురులో పని పూర్తిచేశారు. తల్లీబిడ్డలు దక్కారు. ఆ రోజే ఇంటికి వచ్చి ఆ అంశం చేర్చాను. దానివల్ల ఆ తరువాత ఎన్నో చోట్ల మేలు జరిగింది. అందువల్లనే దాన్ని ఎన్నడూ ప్రశ్నించలేదు. ఒక చెవి మాత్రమే ఉండడమే రక్షణ అయిన యంత్రం ముందు నిలబడి, రెండో చెవి లేదని తప్పు పట్టాను. ఇంజనీరు మాట నా చెవులతో విన్నాను, ఫిల్టర్ రిజిస్టర్‌లో రాసుకున్నాను కూడా. ఆ ఫిబ్రవరి గురువారం ఫారం నింపుతున్నప్పుడు మాత్రం కలం అలవాటు మీద నడిచింది.

కనుక ఏడో అన్యాయం తేదీ 16 ఫిబ్రవరి 2012. చేసినవాడిని నేను. మిగిలిన ఆరింటికంటే ముందే జరిగింది.

మరుసటి ఉదయం త్రిపురారం వెళ్ళి నాగమణికి మొత్తం చెప్పాను. చెవి ఆమె చేతిలో పెట్టాను. ఆమె ఆ ఆకుపచ్చ దారాన్ని రెండు వేళ్ళ మధ్య రుద్ది చూసింది. గొర్రెలు అరుస్తున్నాయి. నేను తిట్ల కోసం సిద్ధపడి కూర్చున్నాను.

"అయితే ఆయన కరెంటు ఆపి, చెవి తీసుకునే ఎక్కిండు గద సారు?"

"తీసుకునే ఎక్కాడమ్మా."

"మల్లొకసారి జెప్పుండ్రి."

"ఆపి, చెవి తీసుకునే ఎక్కాడు."

ఆమె లోపలికి వెళ్ళి బిడ్డను పిలుచుకొచ్చింది. ఆ పిల్ల ముందు మూడోసారి చెప్పించింది. తరువాత నా వైపు చూసి, "గుమస్తా సారుతోని రాపియ్యిరి. మీరు గూడ రాయాలె" అన్నది. కోపం లేదు, కరుణ కూడా లేదు. ఒక పని అప్పజెప్పినట్టు అన్నది.

సుబ్బారావు తన వాంగ్మూలాన్ని కుడిచేత్తో రాసి సంతకం చేశాడు. ఆ సంగతి తెలిసి అనసూయమ్మ టీచరు నా దగ్గరికి వచ్చి, "నేను ఫోను జేయకపోతే బతికెటోడు గద" అని ఏడ్చింది. పొగ వస్తున్నదని చెప్పడం తప్పు కాదని ఆమెకు రాసిచ్చాను. అవును, రాసిచ్చాను. నోటి మాట ఆమెకు సరిపోయేలా కనిపించలేదు.

ఈ వృత్తిలో ఉన్నవారికి చెప్పవలసినది ఇది. డీజిల్ పొగను వడపోసే ఆ పెట్టె మీద నాకు ఫిర్యాదు లేదు. అది ఒక ముసలామె ఊపిరిని ఏడాదికి పైగా కాపాడింది. సరిగా నడిపితే ఇంకా ఎందరి ఊపిరినో కాపాడుతుంది. కానీ దాన్ని శుభ్రం చేసే మనిషి ప్రాణం ఒక తాళంచెవి మీద ఆధారపడినప్పుడు ఆ చెవికి జత ఉండకూడదు. జత ఉన్నదని తెలిసిన క్షణమే తాళం మార్చాలి. ఎర్త్ రాడ్, అంటే పెట్టెలో మిగిలిన విద్యుత్తును భూమిలోకి పంపే కడ్డీ, దాన్ని తీగలకు తాకించి తీసేయమని మేము సైదులుకు నేర్పాము. అతను ఎప్పుడూ అలాగే చేసేవాడు. ఆ రోజు నేను చేరేసరికి కడ్డీ దాని కొక్కేనికే వేలాడుతున్నది. తాకించి తీయడం చాలదు. పని ముగిసేవరకు కడ్డీని తీగలకు తగిలించే ఉంచాలి. అలా ఉంచి ఉంటే, కింద ఎవరు ప్యానెల్ వేసినా విద్యుత్తు అతని చేతులదాకా వచ్చేది కాదు. మంచె మీద మనిషి ఉన్నాడని ప్యానెల్‌కు ఒక బోర్డు తగిలించాలి. అన్నిటికంటే ముందు, ఒక యంత్రానికి రాసుకున్న నియమాన్ని మరో యంత్రానికి వర్తింపజేసే ముందు కలం ఆపి ఆలోచించాలి. నా చెక్‌లిస్టులో ఇప్పుడు ముప్పై మూడు అంశాలే ఉన్నాయి. ముప్పై ఒకటో గడిని కొట్టేసి, అక్కడ అతని పేరు రాసుకున్నాను. స్పేర్ చెవి కావలసిన చోట ఆ సంగతి విడిగా, కారణంతో సహా రాస్తున్నాను.

చివరిగా, సదరు మిల్లు యాజమాన్యానికి, పెట్టె తయారుచేసిన కంపెనీకి, నివేదికపై సంతకం చేసిన అధికారికి ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా:

సుబ్బారావు వాంగ్మూలం, హమాలీ యాదమ్మ వేలిముద్రతో కూడిన సాక్ష్యం, నా రెండు చెక్‌లిస్టుల నకళ్ళు, ఆకుపచ్చ దారం కట్టిన తాళంచెవి ఫోటో, మీ ముగ్గురికీ రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. తలుపు దేనితో తెరిచారన్న ప్రశ్నకు అందులో జవాబు ఉంది. రెండో చెవి చేయించమని రాతపూర్వకంగా ఆదేశించినవాడిని నేనే. ఆ నేరానికి చట్టప్రకారం ఏది వర్తిస్తే అది నాకు వర్తింపజేయండి. దీని కింద నా సంతకం, తేదీ ఉన్నాయి.

మీ వంతుగా, నివేదికలోని "కార్మికుని స్వీయ నిర్లక్ష్యం" అనే మూడు మాటలను రద్దు చేసి, సైదులు విద్యుత్తు ఆపి, తాళంచెవి తన వద్ద ఉంచుకుని, నియమం ప్రకారమే పనిచేశాడని సవరణ జారీ చేయవలసిందిగా, చేయనిపక్షంలో ఎందుకు చేయరో కారణం తెలుపవలసిందిగా డిమాండ్ చేస్తున్నాను. ఫోనులో చెప్పే మాట స్వీకరించబడదు. జవాబు కాగితం మీద, సంతకంతో, తేదీతో ఉండాలి. అది నా పేరున వద్దు. త్రిపురారంలోని నాగమణి పేరున పంపండి. ఆమెకు చదువు రాదు. ఆమె బిడ్డ చదివి వినిపిస్తుంది.